తగలని దెబ్బ

చిరంజీవి చిన్నాకి,

సంక్రాంతికి నానమ్మ ఇంట్లో కలిసినప్పుడు నువ్వడిగిన ప్రశ్నకి బాబాయి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాడు. నిద్రమత్తులో అరకొరగా చెప్పడం కన్నా తీరిగ్గా రాయడం మేలనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి గుర్తుందిగా. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట యూరప్ సర్వర్‌లో రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యే రెయిడ్, అంటే అందరూ కలిసి చేసే దాడి, చలికాలంలో మనకి పన్నెండున్నరకి పడుతుంది. ఇల్లంతా నిద్రపోయింది. పెరటి గదిలో లాప్‌టాప్ ముందు నువ్వు, పక్కన మంచం మీద బాబాయి. నలభై మంది మోల్టెన్ కోర్ అనే చోట దిగారు. మొదటి బాస్, అంటే పెద్ద శత్రువు, లూసిఫ్రాన్. నీ వారియర్ రెండు చేతుల్లో రెండు గొడ్డళ్ళు, రెండింటి మీదా వేయించిన క్రూసేడర్ మంత్రం, అదే ఎన్‌చాంట్, తెల్లగా మెరుస్తోంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తీరా బాస్ పడ్డాక డామేజ్ పట్టిక చూస్తే నీ పేరు ఎక్కడో అడుగున దొరికింది. "ఇంకో ఇరవై స్ట్రెంగ్త్ ఉంటే పైకొచ్చేస్తాను కదా బాబాయ్?" అన్నావు.

బాబాయి కాంబాట్ లాగ్ తెరవమన్నాడు. పాత క్యాలెండర్‌లోంచి చింపిన డిసెంబరు కాగితం వెనక్కి తిప్పి, నీ మామూలు దెబ్బలు వంద తీసుకుని పెన్సిల్‌తో గీతలు పెట్టాడు. మిస్ అయినవి 27. బాస్ తప్పుకున్నవి 6. గ్లాన్సింగ్, అంటే తగిలీ తగలనట్టు ఒరుసుకుపోయినవి, 39. వందలో నిండుగా తగిలినవి 28. ఆ కాగితం ఇప్పుడీ ఉత్తరం పక్కనే ఉంది.

ఇది నీ దురదృష్టం కాదు, ఆట లెక్కే అంత. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరులో వచ్చింది. 2019 ఆగస్టులో దాన్నే మళ్ళీ క్లాసిక్ పేరుతో తెచ్చారు. అందులో మన లెవెల్ అరవై దగ్గర ఆగుతుంది, రెయిడ్ బాస్ లెవెల్ అరవై మూడుగా లెక్క. అరవైలో ఆయుధ నైపుణ్యం 300 దాకా పెరుగుతుంది, బాస్ రక్షణేమో 315. ఆ తేడా వల్ల ఒక్క ఆయుధం పట్టినవాడికి నూటికి ఎనిమిది దెబ్బలు గాలికి పోతాయి. రెండు చేతులా ఆయుధాలు పడితే మామూలు దెబ్బల మీద ఇంకో పంతొమ్మిది. మొత్తం 27. దానికి తోడు మామూలు దెబ్బల్లో నలభై శాతం గ్లాన్సింగే, అందులో ఒక్కొక్కటి సగటున 35 శాతం బలం పోగొట్టుకుంటుంది. స్పెషల్ దెబ్బలకి కావాల్సిన రేజ్ వారియర్‌కి ఎక్కువగా వచ్చేది ఈ మామూలు దెబ్బల నుంచే కాబట్టి, మిస్ అయిన ప్రతిసారీ తర్వాత కొట్టాల్సిన బ్లడ్‌థర్‌స్ట్ కూడా ఆలస్యమవుతుంది.

ఇప్పుడు నువ్వడిగిన ఇరవై స్ట్రెంగ్త్ సంగతి చూద్దాం. వారియర్‌కి ఒక స్ట్రెంగ్త్ అంటే రెండు ఎటాక్ పవర్. పద్నాలుగు ఎటాక్ పవర్ కలిస్తే సెకనుకి ఒక్క పాయింటు డామేజ్. ఇరవై స్ట్రెంగ్త్ నీకిచ్చేది ఒక్కో ఆయుధానికి సెకనుకి మూడు పాయింట్ల లోపే. అదైనా తగిలిన దెబ్బకే. కాగితం మీది ఆ 27 గీతల్లో ఒక్కదాన్నీ స్ట్రెంగ్త్ చెరపలేదు.

చెరిపేది హిట్. గేర్ మీద హిట్ అని రాసి ఉన్న ఆ చిన్న శాతం. బ్లడ్‌థర్‌స్ట్, వర్ల్‌విండ్ లాంటి స్పెషల్ దెబ్బలు అసలు మిస్ కాకుండా ఉండాలంటే నైపుణ్యం 300 ఉన్నవాడికి గేర్ నుంచి తొమ్మిది శాతం హిట్ కావాలి. నువ్వు తొడుక్కున్న పదహారు వస్తువుల్లో ఒక్కదాని మీదా అది లేదు. ప్రతి వస్తువు మీదా స్ట్రెంగ్త్, స్టామినా పెద్దపెద్ద అంకెల్లో ఉన్నాయి. కొత్తగా ఆడేవాళ్ళు పెద్ద అంకెనే నమ్ముతారు, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ బాబాయికి బాధనిపించింది వేరే విషయం. నీ వారియర్ మానవ జాతివాడు. కత్తి పట్టినా, మేస్ పట్టినా మానవుడికి పుట్టుకతోనే ఐదు నైపుణ్యం అదనం. గొడ్డలి వరం ఓర్క్‌లది. నువ్వేమో రెండు పాయింట్లు ఎక్కువ డామేజ్ చూపిస్తోందని గొడ్డళ్ళు పట్టి, బ్లాక్‌రాక్ స్పైర్‌లో వార్‌చీఫ్ రెండ్ దగ్గర సంపాదించిన డాల్‌రెండ్ కత్తుల జతని బ్యాంకులో పడేశావు.

ఆ ఐదు నైపుణ్యం ఏం చేస్తుందో విను. కావాల్సిన హిట్ తొమ్మిది నుంచి ఆరుకి దిగుతుంది. గ్లాన్సింగ్ దెబ్బలో పోయే బలం 35 నుంచి 15 శాతానికి తగ్గుతుంది. పైగా డాల్‌రెండ్ జత రెండూ కలిపి పడితే ఇంకో యాభై ఎటాక్ పవర్. ఇంట్లో ఉన్నదాన్ని వదిలేసి ఊరంతా వెతికినట్టయింది చిన్నా.

ఇదే లెక్క తెలిసినవాళ్ళు ఎడ్జ్‌మాస్టర్స్ హ్యాండ్‌గార్డ్స్ అనే చేతి తొడుగుల కోసం ఆక్షన్ హౌస్‌లో ఆస్తులు ధారపోస్తారు. వాటి మీద స్ట్రెంగ్త్ లేదు, స్టామినా లేదు, రెట్టింపు దెబ్బ పడే అవకాశం పెంచే క్రిట్ లేదు. నలభై నాలుగో లెవెల్‌కే తొడుక్కోవచ్చు. ఉన్నదల్లా ఒక్కటే: గొడ్డలి, బాకు, కత్తి నైపుణ్యాలు ఏడేసి పెరుగుతాయి. బాబాయి మొదటిసారి వాటిని చూసినప్పుడు అమ్మేవాడికి మతిపోయిందనుకున్నాడు. డెవిల్‌సార్ తోలు జత కూడా అలాంటిదే. ఊన్‌గోరో బిలంలో తిరిగే పెద్ద బల్లుల తోలుతో కుట్టిన తొడుగులూ ప్యాంటూ. రెండూ కలిపి వేసుకుంటే రెండు శాతం హిట్. ప్లేట్ కవచం తొడగాల్సిన వారియర్లు తోలు తొడుక్కుని తిరగడానికి కారణం ఆ రెండు శాతమే. లయన్‌హార్ట్ హెల్మ్‌లో పద్దెనిమిది స్ట్రెంగ్త్, రెండు హిట్, రెండు క్రిట్ ఉన్నాయి. అది కమ్మరి చేత చేయించుకోవాలి. ఆర్కనైట్ కడ్డీలు ఒక్కొక్కటీ పోగవ్వడానికి ఓపిక పట్టాలి. పట్టు.

ఇక ఎన్‌చాంట్లు. క్రూసేడర్ మంచిదే, బాబాయి కాదనడు. అది పనిచేసినప్పుడు పదిహేను సెకన్లపాటు వంద స్ట్రెంగ్త్ ఇస్తుంది, కాస్త ఆరోగ్యమూ నింపుతుంది. కానీ నిమిషానికి సగటున ఒక్కసారే. అంటే వంద స్ట్రెంగ్త్ నిమిషంలో పావువంతు సేపు. నిమిషమంతా పరిచి చూస్తే ఒక ఆయుధానికి పాతిక. ఇప్పుడు ముంజేతి పట్టీల మీద తొమ్మిది స్ట్రెంగ్త్, తొడుగుల మీద ఏడు, ఛాతీ మీద అన్ని స్టాట్లూ నాలుగేసి వేయించుకున్నావనుకో, ఇరవై అవుతుంది. అవి మెరవవు. ఎవరికీ కనబడవు. అవకాశం కోసం చూడకుండా ప్రతి సెకనూ పనిచేస్తూనే ఉంటాయి. నువ్వు ఆయుధాల మీద ఒక్కోదానికి నాలుగేసి లార్జ్ బ్రిలియంట్ షార్డులూ, స్ట్రాథోల్మ్‌లో తిరిగి తెచ్చిన రెండేసి రైచస్ ఆర్బులూ పోసి, ముంజేతుల్నీ ఛాతీనీ ఉత్తగా వదిలేశావు. పైగా ఆ గొడ్డళ్ళు మార్చిన రోజున క్రూసేడర్ కూడా వాటితోనే పోతుంది. ఎన్‌చాంట్ వస్తువుకి అంటుకుంటుంది, మనిషికి కాదు.

అలాగని మారిపోయేదానికి ఏమీ వేయనని పిసినారితనం చేయకు. ఆరేడు వారాలు ఉంటుందనుకున్న వస్తువుకి చవకైన ఎన్‌చాంట్ ఒకటి వేయించడం ఆ నలభై మందికీ మర్యాద. వాళ్ళలో గాయాలు మాన్పే హీలర్లు ప్రతి వారం తమ బంగారంతో మందుసీసాలు కొనుక్కుని మరీ వస్తున్నారు.

ఎక్కడికి వెళ్తున్నామో చూసుకుని వేయించుకోవాలన్నది ఇంకో మాట. ఫైరీ వెపన్ అని ఒకటుంది, కొట్టినప్పుడు అప్పుడప్పుడు నలభై నిప్పు డామేజ్ కలుపుతుంది. లెవెల్ పెంచుకునేటప్పుడు బంగారం లాంటిది. దాన్నే మోల్టెన్ కోర్‌కి తీసుకెళ్తే రాగ్నరోస్ అనే బాస్‌కీ, అక్కడి నిప్పు భూతాలకీ చీమ కుట్టినట్టయినా ఉండదు. నిప్పులోంచి పుట్టినవాటికి నిప్పేం చేస్తుంది! అలాగే ఆన్ కిరాజ్ అనే ఇంకో రెయిడ్‌లో హుహురాన్ అనే బాస్ విషం ఆమెకి దగ్గరగా నిలబడ్డవాళ్ళ మీద పడుతుంది. అక్కడ దగ్గర నుంచి కొట్టే మెలీ వాళ్ళు తమ డామేజ్ గేర్ విప్పేసి నేచర్ రెసిస్టెన్స్ గేర్ తొడుక్కుని, పట్టికలో కిందకి దిగి, విషం తాగుతూ నిలబడతారు. బాబాయికి ఈ ఆట మీద గౌరవం కలిగించిన సంగతుల్లో అదొకటి.

త్రెట్, అంటే బాస్‌కి నీ మీద పెరిగే కోపం, దాని సంగతి కూడా నువ్వు ఆలోచించాలి. దగ్గర నుంచి కొట్టేవాడి త్రెట్ బాస్ దెబ్బలు కాచే ట్యాంక్‌కన్నా పది శాతం మించిపోతే బాస్ అతని వైపు తిరుగుతుంది. అప్పుడు చచ్చేది నువ్వొక్కడివే అయితే సరే, ఒక్కోసారి పక్కన ఉన్న నలుగురు కూడా. పై అంగీ మీద వేసే సటిల్‌టీ అనే ఎన్‌చాంట్ త్రెట్‌ని రెండు శాతం తగ్గిస్తుంది. డామేజ్ ఒక్క పాయింటు పెరగదు. అయినా బాగా ఆడేవాళ్ళు దాన్ని వెతికి మరీ వేయించుకుంటారు. నిలబడే చోటు కూడా గేర్ అంత ముఖ్యమే. బాస్‌కి ఎదురుగా నిలబడి కొడితే నీ దెబ్బల్ని ఆయుధంతో అడ్డుకుంటుంది. అడ్డుకున్న ప్రతిసారీ దాని తర్వాతి దెబ్బ ట్యాంక్ మీద త్వరగా పడుతుంది. ఆ రాత్రి నువ్వు రెండుసార్లు ముందుకొచ్చావు. వెనకే ఉండు.

ఇక్కడ బాబాయి తన తప్పొకటి ఒప్పుకోవాలి. 2005లో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో అతనూ ఒక గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ళ బృందంలో, వారియర్. మోల్టెన్ కోర్‌లో ఏజ్డ్ కోర్ లెదర్ గ్లవ్స్ పడ్డాయి. వాటి మీద ఒక శాతం క్రిట్, బాకు నైపుణ్యం ఐదు. బాబాయి చేతిలో ఉన్నది కత్తి. ఆ ఐదు అతనికి దేనికీ పనికిరాదు, క్రిట్ మాత్రం పనికొస్తుంది. అదే గిల్డ్‌లో బాకులతో ఆడే రోగ్ ఒకతను నాలుగు నెలలుగా వాటికోసం వస్తున్నాడు. వస్తువు ఎవరిదో తేల్చడానికి బాబాయి కూడా పాచిక వేశాడు. గెలిచాడు. ఆ రోగ్ ఒక్క మాట అనలేదు. రెయిడ్ అయ్యాక అందరికీ గుడ్‌నైట్ చెప్పి వెళ్ళాడు, మూడు వారాల తర్వాత ఇక రాలేదు. బాబాయి ఆ తొడుగుల్ని రెండు నెలలు కూడా వాడలేదు, అంతకన్నా మంచివి దొరికాయి. పాచిక వేసే హక్కు ఆ రోజు బాబాయికుంది, నియమం అనుమతించింది. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గుడ్‌నైట్ గుర్తొస్తే బాబాయికి మనసు చివుక్కుమంటుంది. నీకు కాస్త పనికొచ్చే వస్తువు ఇంకొకరికి పూర్తిగా పనికొచ్చేదైతే, పాస్ నొక్కెయ్. నీ వంతు వస్తుంది.

బంగారం బయట కొనడం మాటెత్తావు. వద్దు. ఆట నియమాలు ఒప్పుకోవు, అకౌంట్ పోవచ్చు. అది అటుంచు, ఆ బంగారం చాలాసార్లు ఇంకెవరో పోగొట్టుకున్న అకౌంట్లోంచి వచ్చిందే అయి ఉంటుంది.

మనుషుల్ని అంకెతో కొలవద్దని కూడా చెప్పాలనిపించింది. 2008లో రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ వచ్చాక గేర్‌స్కోర్ అనే యాడాన్ పాకింది. ఎదుటివాడి వస్తువుల స్థాయి చూసి ఒక అంకె చెప్పేది. అది చాలకపోతే రెయిడ్‌లోకి రానివ్వరు. హీలర్ తొడగాల్సిన ఇంటెలెక్ట్ ప్లేట్‌ని వారియర్ తొడుక్కున్నా ఆ అంకె బాగానే చూపించేది. ఎన్‌చాంట్లన్నీ పద్ధతిగా వేసుకుని, హిట్ సరిచూసుకుని వచ్చిన పేదవాడు బయటే నిలబడేవాడు. నీ గిల్డ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళని నువ్వలా చూడకు.

కొత్త వెర్షన్‌లో ఈ తలనొప్పి లేదుగా అంటావేమో. నిజమే, 2010లో రీఫోర్జింగ్ పెట్టి ఒక స్టాట్‌లో కొంత ఇంకో స్టాట్‌గా మార్చుకోనిచ్చారు. 2014లో దాన్నీ తీసేశారు, దాంతోపాటే హిట్‌నీ, ఎక్స్‌పర్టీజ్ అనే స్టాట్‌నీ గేర్ మీంచి ఎత్తేశారు. ఇప్పుడక్కడ దెబ్బ తగులుతుందా లేదా అన్న చింత లేదు. ఆడటం సుఖమైంది. బాబాయికి మాత్రం క్లాసికే ఇష్టం. అక్కడ తన లోపం ఎక్కడుందో మనిషి తనే వెతుక్కోవాలి.

ఇంకొక్కటి, కోప్పడకు. పన్నెండున్నరకి మొదలైన రెయిడ్ మూడింటికి అయింది, పొద్దున్న ఎనిమిదింటికి నానమ్మ లేపితే నువ్వు లేవలేదు. ఇప్పుడు కాలేజీ తెరిచారు. ముందు హిట్ ఆరు శాతం చేసుకో, దానికి రెయిడ్ అక్కర్లేదు, శని ఆదివారాలు పగటిపూట దొరికే వస్తువులే చాలు. వారానికి ఒక్క రెయిడ్‌కే మాటివ్వు, ఇచ్చినదానికి టైముకి వెళ్ళు. మిగతా రాత్రులు పడుకో.

ఈ వారం బ్యాంకులోంచి డాల్‌రెండ్ కత్తులు తియ్యి. ముంజేతి పట్టీలకి తొమ్మిది స్ట్రెంగ్త్ వేయించు. లూసిఫ్రాన్ అయ్యాక లాగ్‌లో వంద దెబ్బలు లెక్కపెట్టి బాబాయికి పంపు. డిసెంబరు కాగితం ఇంకో సగం ఖాళీగా ఉంది, ఆ గీతల పక్కనే ఈ గీతలు పెడతాడు.

అమ్మానాన్నల్ని అడిగానని చెప్పు. పిన్ని నీకోసం అరిసెలు డబ్బాలో కట్టి పెట్టింది, ఎవరైనా అటు వస్తుంటే పంపుతాం.

ఆశీస్సులతో,
బాబాయి