అరువు జడ

మా అమ్మాయి జుట్టు మెడ దిగదు. కత్తిరించి పారేసింది. అలాంటిది మొన్న బందరులో దాని మేనత్త కూతురి పెళ్ళికి మోకాళ్ళ దాకా జడ వేసుకుని దిగింది! సవరం, రాగిడి, పాపిటకి అటూ ఇటూ సూర్యచంద్రులు, జడబిళ్ళలు, చివర కుప్పెలు. జడ అద్దెది, నగలు చిలకలపూడి రోల్డుగోల్డువి.

"ఎందుకే ఈ అబద్ధం? ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలు ఊరికే అన్నారా?" అని నలుగురిలో అనేశాను. పిల్ల మొహం చిన్నబోయింది. భోజనాల దగ్గర నా పక్కన కూచోలేదు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో కూచిపూడిలో ఆగాం. ఆ ఊరనగానే నాకు ముందు జడే గుర్తొస్తుంది. భామాకలాపంలో సత్యభామ మొహం చూపించక ముందే తెర మీంచి జడ వేస్తుంది. నన్ను గెలిచేవాళ్ళుంటే రండి, ఓడితే జడ కోసి ఇస్తానని పందెం. చూడబోతే ఆ జడా అరువుదే! ఆ అగ్రహారపు మగపిల్లలంతా జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని అక్కడి వాళ్ళు చెబుతారు. 1970లో పద్మశ్రీ అందుకుని, 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణశర్మగారికి అంత పేరు తెచ్చింది ఆ ఆడవేషాలే. ఆయన జడని ఎవరైనా అబద్ధమన్నారా?

తమాషా ఏమిటంటే, జడ మనది, అలక మనది, వేషం మాత్రం చాలాకాలం మగవాళ్ళది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వంటి గురువులు ఆడపిల్లలకు నేర్పారు కనక, 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు కనక, ఆ జడ మళ్ళీ మన వీపు మీదకి వచ్చింది. ఇప్పుడు సత్యభామ కట్టే అమ్మాయిల్లో ఎందరో సవరం పెట్టుకునే ఆడతారు.

మరి తప్పెక్కడుంది? మా అమ్మల కాలంలో పల్చటి జుట్టు పిల్లని సవరంతో పెళ్ళిచూపుల్లో కూచోబెట్టేవారు. ఎవరు జడ పట్టుకు చూస్తారోనని ఆ పిల్ల ప్రాణం బిక్కుబిక్కుమనేది. అదీ సవరమే, సత్యభామదీ సవరమే. ఒకటి ఎదుటివాళ్ళని నమ్మించడానికి, రెండోది అందరికీ తెలిసి ముచ్చటపడడానికి. నమ్మించాలనుకున్న చోటే భయం ఉంటుంది. పాపం, మా అమ్మాయి ఎవర్ని నమ్మించబోయింది? దాని జుట్టు పొట్టిదని పెళ్ళిలో అందరికీ తెలుసు. నలభై దాటాక పల్చబడ్డ నా ముడిలో నాలుగేళ్ళుగా చిన్న సవరం దాక్కుని ఉందని మాత్రం ఎవరికీ తెలియదు.

కారులో ఆ మాట దానితో చెప్పేశాను. చెప్పడానికి కూచిపూడి నుంచి పామర్రు దాకా పట్టింది.

అది నవ్వింది. "నాకెప్పుడో తెలుసమ్మా. నువ్వు దాచుకుంటున్నావు కదా అని ఊరుకున్నాను."

నలుగురిలో నేను దాని జడ లాగాను. అది మాత్రం నా ముడి జోలికి రాలేదు.