పళ్ళెంలోకి తొంగిచూసిన శాస్త్రం

మీరు కర్రీ ఎప్పుడెప్పుడు తింటారు? బొత్తిగా తినరా, అప్పుడప్పుడా, తరచుగానా? సింగపూరులో 60 నుంచి 93 ఏళ్ల వయసున్న 1,010 మంది పెద్దవాళ్లను శాస్త్రవేత్తలు అడిగిన ప్రశ్న ఇది. అడిగి, వాళ్ల జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ పరీక్షించారు. త్సె-పిన్ ఎంగ్ బృందం 2006లో ఆ ఫలితాలు ప్రచురించింది. కర్రీ జోలికి పెద్దగా పోనివాళ్ల కంటే, అప్పుడప్పుడైనా తినేవాళ్లకు మార్కులు మెరుగ్గా వచ్చాయి.

తెలుగువాళ్లం ఈ మాట వింటే ముందు పోపుల పెట్టె వైపు చూస్తాం. పసుపు! తాతమ్మల నాటి నుంచీ గాయానికి అద్ది, గడపకు పూసి, పప్పులో వేసిన పసుపు ప్రయోగశాలలో ఇంత మర్యాద అందుకోవడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. అయితే పసుపు తింటే మతిమరుపు రాదని ఆ శాస్త్రవేత్తలు అనలేదు. ఒక సంబంధం కనిపించింది, ఇంకా పరీక్షించాలి అన్నారు, అంతే. ఆ నిగ్రహానికి కూడా నేను దణ్ణం పెడతాను.

అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు తన రోగి మెదడులో వింత మచ్చలూ చిక్కుముళ్లూ చూశానని 1906లో లోకానికి చెప్పాడు. అప్పటి నుంచి ఈ మతిమరుపు జబ్బు (డిమెన్షియా) వేటంతా ఎక్కువగా సూక్ష్మదర్శినుల కిందే సాగింది. సింగపూరు ఆ వేటను వదల్లేదు. వదలకుండానే ముసలివాళ్ల వంటింట్లోకీ, టీ కప్పులోకీ, వాళ్లు మాట్లాడే భాషల్లోకీ తొంగిచూసింది. నాకు ముచ్చటేసేది అదే.

పుట్టగొడుగుల సంగతి చూడండి. సింగపూరులోని టెక్కా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్లే ఎవరికైనా అవి కొత్త కాదు. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంలో ఫెంగ్ లే బృందం 2011 నుంచి 2017 దాకా 600 మందికి పైగా చైనీయ వృద్ధుల భోజనాన్నీ జ్ఞాపకశక్తినీ గమనించింది. వారానికి రెండు వడ్డింపులకు మించి పుట్టగొడుగులు తినేవాళ్లలో, మతిమరుపు జబ్బుకు ముందు మెట్టు లాంటి స్వల్ప మేధోక్షీణత కనిపించే అవకాశం దాదాపు సగానికి సగం తక్కువగా ఉందని 2019లో ప్రకటించింది. ఇక్కడా అదే జాగ్రత్త: సంబంధం మాత్రమే, రుజువు కాదు.

ఎందుకై ఉంటుంది అని వెతికితే ఎర్గోథియోనీన్ అనే పదార్థం ఎదురవుతుంది. అసలు అద్భుతం ఇక్కడుంది. మన ఒంట్లో ఒక్క కణం కూడా దీన్ని తయారుచేసుకోలేదు. శిలీంధ్రాలూ, కొన్ని సూక్ష్మజీవులూ చేస్తాయి. మనకు తిండితోనే రావాలి. అయినా మన కణాల పొరల మీద దీన్ని లోపలికి తీసుకునే ప్రోటీన్ ఒకటి, తలుపు దగ్గర కాపలా మనిషిలా, సిద్ధంగా ఉంది. మూత్రపిండాలు సైతం దీన్ని అంత తేలిగ్గా బయటికి పోనివ్వవు, వెనక్కి లాక్కుంటాయి. రక్తాన్నీ మెదడునూ వేరుచేసే గట్టి కట్టను దాటి ఇది మెదడు దాకా చేరుతుంది. తాను చేసుకోలేని వస్తువును దేహం ఇంత పదిలంగా దాచుకుంటోందంటే దాంతో ఏదో పని ఉండాలి కదా! శాస్త్రవేత్తలు బారీ హాలివెల్, ఇర్విన్ చియా ఆ పనేమిటో తేల్చడానికి ఏళ్ల తరబడి కూర్చున్నారు. జ్ఞాపకశక్తి తగ్గుతున్న వృద్ధుల రక్తంలో ఇది తక్కువగా ఉంటోందని 2016లో వాళ్ల బృందమే చూపించింది.

ఇక భాష. ఇంగ్లీషు, మాండరిన్, మలయ్, తమిళం అధికార భాషలైన దేశంలో హొక్కియన్ మాట్లాడే అవ్వ ఒకరు, తెలుగు మాట్లాడే తాత ఒకరు. ఇంగ్లీషులో రాసిన పరీక్షతో వాళ్ల మతిని కొలవడం ఏం న్యాయం? నాడీవైద్యుడు నాగేంద్రన్ కందయ్య, ఆయన సహచరులు కలిసి బొమ్మలతో నడిచే పరీక్షను రూపొందించారు. బొమ్మలు చూపిస్తారు, కాసేపయ్యాక వాటిని గుర్తుచేసుకోమంటారు. ఏ భాషవాళ్లకైనా అదే బొమ్మ, అదే మర్యాద. భాష గురించే ఇంకో సంగతి. మన హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని 2013లో చెప్పింది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగూ ఉర్దూ కలిపి బేరమాడే మన వీధులు మెదడుకు చేస్తున్న మేలు ఇంతా అని ఎవరనుకున్నారు!

ఇప్పుడు నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కందయ్య నడిపే డిమెన్షియా పరిశోధన కేంద్రం ఇంకో అడుగు ముందుకేసింది. జబ్బు లక్షణాలు బయటపడడానికి పది, ఇరవై ఏళ్ల ముందే మెదడులో మార్పు మొదలవుతుంది గనుక ముప్ఫైల్లో ఉన్నవాళ్లను కూడా చేర్చుకుని, ఏటా వాళ్ల రక్తం, మెదడు స్కాను, జ్ఞాపకశక్తి చూస్తూ ఐదేళ్లు వెంట నడుస్తోంది. ఏ జబ్బూ లేని మనుషులు, రాబోయే తరాల కోసం సూదికి చెయ్యి చాపుతున్నారు. ఏ బహుమతీ వాళ్ల పేరు మీద రాదు. నా లెక్కలో ఈ కథలో పెద్ద పీట వాళ్లదే.

ఈలోగా ఒక మంచి మార్పు కూడా కనిపించింది. సింగపూరులో 60 దాటినవాళ్లలో డిమెన్షియా 2013 నాటి సర్వేలో 10 శాతం ఉంటే, పదేళ్ల తర్వాత 8.8 శాతానికి దిగింది. కానీ జబ్బున్నవాళ్లలో సగం మందికి అది ఉన్నట్టే అప్పటికి నిర్ధారణ కాలేదు.

అందుకే ఇది చదువుతున్న సింగపూరు తెలుగువాళ్లకు ఒక మాట. అమ్మ అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, నాన్న తెలిసిన దారిలోనే తడబడుతుంటే, వయసొచ్చింది కదా అని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. పరిశోధనకు మనుషులు కావాలని ఎవరైనా అడిగితే, వీలుంటే మీ పేరూ ఇవ్వండి. ఈ అధ్యయనాల్లో తెలుగువాళ్ల మెదళ్ల లెక్క కూడా ఉండాలి.