కోపం ఎవరిది?

"ముందు షుగర్ చూసుకో."

మా అమ్మాయి గొంతు పెంచినప్పుడల్లా నా నోట మొదట వచ్చే మాట ఇదే. తనకి పదహారేళ్లు. తొమ్మిదో ఏట టైప్ 1 డయాబెటిస్ బయటపడింది. ఆ మధ్య ఒక పెళ్లిలో బంతిలో కూర్చుని ఇన్సులిన్ పెన్ను తీయబోతే మా అక్క ఆపింది. "రేపు సంబంధాలు చూడాల్సిన పిల్లవి, బాత్‌రూమ్‌లోకెళ్లి తీసుకో" అంది. నేను నోరెత్తలేదు. ఇంటికొచ్చాక అమ్మాయి నన్ను నిలదీసింది. మీటర్ చేతికిచ్చాను. 112.

"షుగర్ బాగానే ఉంది. ఇప్పుడైనా ఈ కోపం నాదేనా?" అంది.

నా భయం ఉత్తది కాదు. శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా, శరీరం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఆ శక్తి ప్రధానంగా గ్లూకోజ్ నుంచే రావాలి. షుగర్ 70 కంటే తగ్గితే వణుకు, చిరాకు. మరీ పడిపోతే తికమక, స్పృహ తప్పడం. ఒకసారి 48 ఉన్నప్పుడు కంచం విసిరేసింది. తేరుకున్నాక "నేనేనా విసిరింది?" అని ఏడ్చింది. షుగర్ పెరిగితే నీరసం, విసుగు. ఇక రోజంతా అంకెలతో బతకడంలోని అలసట వేరు. ఈ జబ్బున్న పిల్లల్లో దిగులు ఎక్కువన్నది వైద్యులకు తెలిసిన సంగతే.

కానీ ఆడవాళ్ల కోపాన్ని ఒంటికి అంటగట్టడం మనకి కొత్తా? "నెలసరి దగ్గరపడిందా?" అన్న వెటకారం వినని వాళ్లెవరు? హిస్టీరియా అన్న పేరు పుట్టిందే గర్భసంచికి గ్రీకులో ఉన్న మాట నుంచి. నేనిచ్చిన మీటర్ కూడా ఆ వరసలోదేనా?

మీటర్ రక్తం సంగతి చెబుతుంది. మాటలోని న్యాయం చెప్పదు. 48 దగ్గర అన్నా, 112 దగ్గర అన్నా, బాత్‌రూమ్‌లో దాక్కుని ఇన్సులిన్ తీసుకోమనడం అవమానమే. విసిరిన కంచానికి తనని తప్పుపట్టను. అడిగిన మాటకి మాత్రం నేను జవాబు చెప్పాలి.

షుగర్ పడిపోతే 15 గ్రాముల చక్కెర ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడమంటారు. అది వైద్యం. ఆ తర్వాత పక్కన కూర్చుని "ఇందాక ఏదో అన్నావు, చెప్పు" అనడం కూడా తల్లి పనే.

ఆ రోజు 112 చూశాక నేను అన్నానికి రమ్మన్నాను, అంతే. ఆ జవాబు ఇంకా బాకీ ఉన్నాను.