లంకలోని సభ, సముద్రతీరమందలి సభ

మంత్రాలోచన యెట్లు జరుగవలెనను విషయమును గూర్చి శ్రీమద్రామాయణమునందు అన్నిటికంటె క్రమబద్ధమైన ప్రసంగము చేసినవాడు శ్రీరాముడు కాడు, రావణుడు. యుద్ధకాండ ప్రారంభమున, హనుమంతుడు లంకాపురమును దహించి సముద్రము దాటి మరలిపోయిన పిమ్మట, ఒక్క వానరుడు చేసిన పరాభవమునకు సిగ్గుపడి తల యించుక వంచుకొని, ఆ రాక్షసరాజు తన మంత్రులను చేరబిలిచి ఆలోచనలు మూడు విధములని వారికి వివరించెను. మంత్రులందరును శాస్త్రదృష్టితో పరికించి ఏకాభిప్రాయమునకు వచ్చినది ఉత్తమమట. పలువురు పలువిధముల తలపోసి, వాదించి, తుదకొక నిర్ణయమున కలిసినది మధ్యమమట. ఎవరి పట్టు వారు విడువక, మేలైన ఐక్యమునకు చేరకయే ముగిసినది అధమమట. నేటి యే నిర్వహణశాస్త్రపు తరగతిలోనైనను ఈ విభాగమును బోధించినచో తప్పుపట్టువారుండరు. ఇంత తెలిసిన ప్రభువు కొలువులో జరిగిన సంభాషణమెట్టిదో, పిదప కొలది దినములకే సముద్రపు ఉత్తరతీరమున రాముని సన్నిధిని జరిగిన సంభాషణమెట్టిదో పక్కపక్కన నుంచి చూచినచో, నలుగురు కలిసి పనిచేయు చోట మాట యెందుచేత చెడునో, ఎందుచేత బాగుపడునో తెలిసికొనుటకు వేరొక గ్రంథముతో పనిలేదని నాకు తోచుచున్నది.

ఇక నేమి చేయవలెనని రావణుడు అడిగెను. ప్రహస్తుడు, నాడు మేమందరము ఏమరియుండుటచేత మోసపోతిమే కాని లేకున్న ఆ కోతి ప్రాణములతో పోగలదా యని యొక సాకు చెప్పి కూర్చుండెను. దుర్ముఖుడు తానొక్కడే పోయి వానరులను రూపుమాపి వత్తుననెను. వజ్రదంష్ట్రుడు, రాక్షసులు మానవరూపములు ధరించి భరతుడు పంపినవారివలె రాముని చేరవలెనని యొక మాయోపాయము పన్నెను. వజ్రహనువు మరియొక యడుగు ముందుకు వేసి, వానరనాయకులందరిని తానొక్కడే భక్షించెదననియు, తక్కినవారు నిశ్చింతగ మధుపానము చేయుచు వినోదింపవచ్చుననియు హామీ యిచ్చెను. మూడు మాసములకొకమారు జరుగు సమీక్షా సమావేశములలో కూర్చున్న అనుభవము గలవారికి ఈ ప్రసంగములలో ఒక్కటియు కొత్తగ తోపదు. ఇందు గమనింపదగిన విశేషమేమనగా, విభీషణుడొక్కడు తప్ప ఆ సభ యంతయు ఏకకంఠముగ నుండెను. రావణుని కొలమానము ననుసరించి పైకి చూచినచో అది ఉత్తమమైన మంత్రాంగమే! కాని ఆ యేకాభిప్రాయము శాస్త్రదృష్టి వలన పుట్టినది కాదు. భయము వలన, ఏలికను మెప్పింపవలెనను తహతహ వలన పుట్టినది. తన నిర్వచనములోని ముఖ్యమైన మాటను తానే మరచిన ప్రభువునకు, సంఖ్యాబలము సమ్మతివలె కనబడెను.

తరువాతి మహాసభలో ఈ దోషము ఇంకను తేటపడును. అచ్చట రావణుడు సీతను గూర్చిన తన కోరికను తానే వెల్లడించి, ఆమెను తిరిగి యీయకుండ, దశరథపుత్రులిద్దరును హతులగునట్టి ఆలోచన యేదైన జేసి చెప్పుడని సభ్యులను కోరెను. నిర్ణయము ముందు, సలహా తరువాత. నిద్రకు మాత్రమే పేరుపడిన కుంభకర్ణుడు ఆ సభలో మెలకువతో మాటాడిన మొదటివాడగుట వాల్మీకి చమత్కారము: ఈ విచారము సీతను తెచ్చుటకు ముందు మాతో చేయవలసినది కాదా యని అతడు అన్నను నిలదీసెను. నిలదీసియు, చివరకు నీ పక్షమున నేనే శత్రువులను చంపెదనని తానును మాట యిచ్చెను. అన్నమీది ప్రేమ ఆ సత్యవాక్కును సగములో మ్రింగివేసినది.

మన కార్యాలయములలో మేనేజరు లేచి, "నేనిట్లు చేయదలచితిని, మీ అభిప్రాయములు నిస్సంకోచముగ చెప్పుడు" అన్నప్పుడు గదిలో నావరించు మౌనమును అంగీకారమని కార్యక్రమ నివేదికలో వ్రాసికొనుట వాడుక. అసలు సభ అరగంట తరువాత గేటు దగ్గరి టీకొట్టు వద్ద జరుగును; అచ్చట అందరికిని అభిప్రాయములు గలవు. దీనికి మందు కఠినమైనది కాదు. పెద్దపీట మీదివాడు తన మాటను చివరకు దాచుకొనవలెను; వయసునను ఉద్యోగమునను చిన్నవారిచేత మొదట మాటాడింపవలెను; నిర్ణయము ఇదివరకే జరిగిపోయినచో, జరిగినదని నిజము చెప్పి, దానిని అమలుపరచు విధమును గూర్చి మాత్రమే సలహా యడుగవలెను. జరిగిపోయినదానికి సలహా యడుగుట అసత్యములలో నొకటి యని ఎవరును లెక్కింపరు గాని, అది అసత్యమే.

ఇక తీరమందలి సభ. లంకలో అవమానితుడైన విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి ఆకాశమున నిలిచి శరణు వేడగా, సుగ్రీవుడు వీడు శత్రువు తమ్ముడు, చంపదగినవాడని తీర్పు చెప్పెను. రాముడు దానిని కాదనలేదు, ఔననలేదు. వానరరాజు చెప్పినది మీరును వింటిరి గదా, మీకేమి తోచుచున్నదని తక్కినవారి నడిగెను. నీకు తెలియనిదేమున్నది, మమ్ము స్నేహితులుగ మన్నించుటకై అడుగుచున్నావని వారనిరి. మన దొరలలో పలువురు ఆ స్తోత్రము దగ్గరనే తృప్తులై సభను ముగింతురు. రాముడు ముగింపలేదు. అంగదుడు ఇతని గుణదోషములను పరీక్షింపవలెననెను. శరభుడు చారుని పంపవలెననెను. జాంబవంతుడు వచ్చిన దేశకాలములు శంకాస్పదములుగ నున్నవనెను. మైందుడు తిన్నతిన్నగ ప్రశ్నించి తెలిసికొందమనెను.

అప్పుడు మాటాడిన హనుమంతుని విధానము, పైయధికారులతోను తోటివారితోను భేదింపవలసివచ్చిన ప్రతి యుద్యోగియు నేర్చుకొనదగినది. వాదముకొరకు గాని, ఎవరితోనో స్పర్ధచేత గాని, నేనధికుడనను తలంపుతో గాని చెప్పుట లేదు, కార్యగౌరవము చేతనే చెప్పుచున్నానని అతడు ముందుగ విన్నవించెను. పిదప నలువురు చెప్పిన నాలుగు ఉపాయములను ఒక్కొక్కటిగ తీసికొని, చెప్పినవాని నెన్నక, ఉపాయములోని లోపమును మాత్రమే చూపెను. పని యొప్పగింపనిదే గుణము తెలియదు, ఎదుట నిలిచి తన పేరు తానే చెప్పుకొన్నవానిపై చారునితో పనిలేదు, వచ్చిన దేశకాలములు సరియైనవే, బుద్ధిమంతుని హఠాత్తుగ గ్రుచ్చి గ్రుచ్చి యడిగినచో రాదగిన మైత్రి చెడును. ఎంత దాచినను లోపలి భావమును ముఖము దాచజాలదు, ఈతని మాటలో దోషము నాకు కనబడలేదని ముగించెను. అంగదుడు యువరాజు, జాంబవంతుడు వృద్ధుడు; ఇరువురి మాటయు త్రోసివేయబడినది, ఇరువురిలో నెవ్వడును చిన్నబుచ్చుకొనినట్లు కవి వ్రాయలేదు.

అందరి వంతును ముగిసిన తరువాతనే, విభీషణుని విషయమున నాకును చెప్పవలసినది కొంత గలదు, మీరు వినవలెనని కోరుచున్నానని రాముడు నోరు విప్పెను. సుగ్రీవుడు మరల అడ్డుపడగా కోపింపక, శరణుజొచ్చిన వేటగానికి తన మాంసమునే పెట్టిన కపోతము కథను, కండుమహర్షి పలికిన ధర్మమును చెప్పి, తన నిర్ణయమునకు కారణము తెలిపెను. ఆజ్ఞాపింపగలవాడు కారణము చెప్పుటకు పూనుకొనుట యెంతటి విశేషమో, కారణము లేని సర్క్యులరులను గోడలపై చదువుకొనుట కలవాటుపడిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. రావణుని విభాగములో ఈ సభకు దక్కు పేరు మధ్యమము. ఉత్తమమువలె కనబడినది లంకను కాల్చినది. మధ్యమము సేతువును కట్టినది.

ఈ ఘట్టముపై వేదాంతదేశికులవారు అభయప్రదానసారమను గ్రంథమునే వ్రాసిరి. భక్తులకు ఇది శరణాగతి శాస్త్రము. అభయమన్నది మోక్షార్థులకు మాత్రమే కావలసిన వస్తువు కాదు. నెలజీతముపై బ్రతుకువానికిని అదియే మొదట కావలసినది. అభయము లేని చోట సత్యమునకు నోరు లేదు. రావణుడు పంపిన శుకసారణులను వానరసేనలో పట్టుకొన్నప్పుడు, మీరు చూడవలసినది ఇంకేమైన మిగిలినచో విభీషణుడు చూపునని చెప్పి రాముడు విడిచిపుచ్చెను. వారు లంకకు పోయి చూచినది చూచినట్లు నివేదింపగా, రాజాశ్రయమున బ్రతుకుచు శత్రువును పొగడుదురా యని రావణుడు గద్దించి, పూర్వపు సేవలను తలచి ప్రాణములు మాత్రము విడిచి, కొలువునుండి వెడలగొట్టెను. ఆ పిమ్మట ఆ కొలువులో నిజము తెచ్చుటకు ఎవనికి ధైర్యముండును? ఈ నెల సరకు సమయమునకు పంపలేమని మూడువారాలముందే చెప్పిన కుర్రవానిని అందరియెదుట కసిరిన అధికారి, తరువాత సరకు ఆగిపోయిన దినమున "నాకెవరును ముందుగ చెప్పలేదేమి" అని ఆశ్చర్యపడుట తరచుగ చూచుచునే యున్నాము.

అభయ మొక వైపు, వాక్సంయమము మరొక వైపు. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున వాఙ్మయ తపస్సును చెప్పుచు, మాట ఎదుటివానికి ఉద్వేగము కలిగింపనిదియు, సత్యమును, ప్రియమును, హితమును కావలెననెను. ఈ నాలుగును కలిసియున్నప్పుడే తపస్సనియు, ఒకటి లోపించినను కాదనియు శంకరభగవత్పాదులు భాష్యమున నిర్ణయించిరి. ఉన్నమాట మొగముమీదనే అందునని గర్వించువారు ఈ భాష్యమును ఒకమారు చదువుట మంచిది. వారి మాట నాలుగింట ఒకటి, మహా అయిన రెండు. వాట్సాప్ సమూహములో నలుబదిమంది చూచుచుండగా ఒకని తప్పును ఎత్తిచూపుట సత్యమే కావచ్చును. ప్రియము కాదు, హితము కాదు, ఉద్వేగమునకు కొదవలేదు. తప్పును గది తలుపు మూసి చెప్పవలెను, మెప్పును సభలో చెప్పవలెను. రాత్రి పదకొండు గంటలకు తోచిన కోపమును ఆ రాత్రియే టైపుచేసి పంపనక్కరలేదు. తెల్లవారువరకు ఉంచినచో సగము వాక్యములు తామే రాలిపోవును.

అయితే ఆలస్యము చేయదగిన మాట వేరు, చేయరాని మాట వేరు. మహాభారతము ఉద్యోగపర్వమున సంజయుడు పాండవులయొద్దనుండి రాత్రివేళ తిరిగివచ్చి, ధృతరాష్ట్రుని నాలుగు మాటలు నిందించి, యుధిష్ఠిరుని సందేశమును రేపు సభలో చెప్పెదనని ఇంటికి పోయెను. ఆ సందేశమేమో తెలియక ఆ వృద్ధరాజునకు నిదుర రాలేదు. విదురుని పిలిపించుకొని రాత్రి యంతయు మేలుకొనెను. విదురనీతి ఆ జాగరణమునుండి పుట్టిన ఫలము. సంస్థలో కొందరిని తొలగింతురట, శాఖను వేరే యూరికి మార్తురట యను వదంతి బయలుదేరినప్పుడు వందలాది యిండ్లలో అట్టి రాత్రులు గడచుచుండును, కాని ప్రతి యింటికి విదురుడు రాడు. చెప్పదగినంత వెంటనే చెప్పి, ఇంకను నిర్ణయము కానిదానిని కాలేదని చెప్పి, ఎప్పటికి తెలియునో ఆ తేదీని చెప్పి, ఆ తేదీని నిలుపుకొన్నచో అదియే వారికి అభయప్రదానము.

క్రిందివానికిని ధర్మము లేకపోలేదు. విభీషణుడు మొదటి సభలో చెప్పిన హితము చెవికెక్కకపోగా వెంటనే వీధికెక్కలేదు. మరునాటి ఉదయమున అన్న యింటికే వెళ్లి, మంత్రులు తప్ప ఇతరులు లేని చోట మరల చెప్పెను. మహాసభలో మూడవమారు చెప్పి, ఈ మాట వేరొకడన్నచో ఈపాటికి చచ్చియుండెడివాడని అన్నచేత అనిపించుకొన్న తరువాతనే లేచెను. కోరిన సెలవు మంజూరు కానందుకు తన్ను విభీషణునితో పోల్చుకొను మిత్రులు ఈ క్రమమును గమనింతురు గాక.

తీరమున మిగిలిన కథ కొంచెమే. విభీషణునకైనను, తుదకు రావణునకే యైనను అభయమిచ్చితిని, తోడ్కొని రమ్మని రాముడు చెప్పినది హనుమంతునితో కాదు, సుగ్రీవునితో. వాదములో ఓడినవానికే స్వాగతము పలుకు పని యొప్పగింపబడినది. మన సమావేశములలో ఓడిన పక్షమువారికి సామాన్యముగ ఏ పనియు నీయరు, ఇచ్చినను ఎవరికిని పట్టని మూలపని యిత్తురు. అందుచేత నిర్ణయము కాగితముపై నొకటియు, అమలులో నొకటియు నగును. సుగ్రీవుని విషయమున అట్లు జరుగలేదు. విభీషణుడు వచ్చి పాదములపై వ్రాలి, లంక బలమును ఉన్నదున్నట్లు చెప్పి, రాజ్యాభిషిక్తుడైన పిదప, అగాధమైన ఈ సముద్రమును సేనతో దాటుట యెట్లని అతని సలహా నడిగినవారు ఇద్దరు. ఒకడు హనుమంతుడు, రెండవవాడు సుగ్రీవుడు. సాగరుని శరణువేడుట మేలని విభీషణుడు చెప్పగా, ఆ మాటను తానే తీసికొనిపోయి రామునికి విన్నవించినవాడు కూడ సుగ్రీవుడే.