ఆకాశమును సాక్షిగా పిలిచినవారు

1961వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీ ఉదయమున బైకనూరు నుండి బయలుదేరిన వోస్టాక్ నౌకలో యూరి గగారిన్ భూమిని ఒక్కమారు చుట్టి మరల నేలకు దిగెను. ఆ ప్రయాణము 108 నిమిషములని ప్రసిద్ధి. ఆయన వయస్సు అప్పటికి 27 సంవత్సరములు. పైనుండి ఆయన పలికిన మాటలు రేడియో ద్వారా భూమికి చేరినవి. వాటి లిఖిత ప్రతి తరువాత ప్రచురింపబడినది. మేఘములను గూర్చియు, భూమి అంచున కనబడు నీలికాంతిని గూర్చియు, దేహమునకు బరువు లేకపోవుటను గూర్చియు, యంత్రముల కొలతలను గూర్చియు అందులో మాటలున్నవి. దేవుడు కనబడలేదన్న మాట మాత్రము లేదు.

అయినను, గగారిన్ ఆకాశమునకు వెళ్లి చూచి దేవుడు అక్కడ లేడని చెప్పెనను వాక్యము అరువది సంవత్సరములకు పైగా అనేక భాషల క్రైస్తవ ప్రసంగములలో సంచరించుచున్నది. దాని వెంట ఒక జవాబును సిద్ధముగా నుండును: ఆయన నౌక తలుపు తెరచి ఒక్క అడుగు బయట పెట్టియుండినయెడల ఆ క్షణమే దేవుని ముఖాముఖిగా చూచియుండును! సభ నవ్వును, బోధకుడు తరువాతి అంశమునకు పోవును. ఆ మాట ఎక్కడ దొరికినదని అడుగువారు అరుదు. గగారిన్ 1968 మార్చి 27న శిక్షణ విమానము కూలి 34వ యేట మరణించెను. నవ్వు మధ్య అది ఎవరికిని జ్ఞాపకము రాదు. చనిపోయినవాడు లేచివచ్చి తాను అట్లనలేదని చెప్పుకొనలేడు గదా.

ఆ మాట గాలిలోనుండి పుట్టినది కాదు. దాని సొంతదారులు వేరు. సోవియట్ నాయకుడు నికిటా క్రుశ్చేవ్ ఆ దినములలో మతవ్యతిరేక ప్రచారమును తీవ్రము చేసి వేలకొలది దేవాలయములను మూయించుచుండెను. పరదైసు సంగతి పాదిరులు చెప్పగా వింటిమి, వెదకుటకు గగారిన్‌ను పంపితిమి, ఏమియు కనబడలేదు, అటుపిమ్మట టిటోవ్‌ను పంపితిమి అను భావముతో 1961లో ఒక అమెరికా పత్రికా రచయితతో ఆయన పరిహాసమాడెను. ఆ గెర్మన్ టిటోవ్ 1961 ఆగస్టులో 25 గంటలకు పైగా అంతరిక్షమందుండి భూమిని 17 మారులు చుట్టినవాడు. 1962 మే నెలలో సియాటిల్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనలో, తనకు దేవుడు గాని దేవదూతలు గాని కనబడలేదనియు, తాను మనుష్యుని బలమునే నమ్ముదుననియు ఆయన బహిరంగముగా చెప్పెను. ఇది టిటోవ్ సాక్ష్యము. ఆయన పేరట చెప్పినయెడల ఎవరికిని అభ్యంతరముండదు. అయితే టిటోవ్ పేరు సభలో ఎందరికి తెలియును? గగారిన్ పేరైతే బడిపిల్లలకును తెలియును. ప్రసంగ సౌకర్యము కొరకు ఒకని నోటి మాట తీసి మరియొకని నోట పెట్టబడినది.

గగారిన్ స్నేహితుడును వైమానికదళపు అధికారియునైన వాలెంటిన్ పెట్రోవ్ 2006లో ఒక సంభాషణలో, ఆ మాట గగారిన్‌ది కాదనియు క్రుశ్చేవ్‌దనియు చెప్పెను. గగారిన్ బాప్తిస్మము పొందినవాడనియు, విశ్వాసియనియు కూడ ఆయన చెప్పెను. దానితో కథ రెండవవైపునకు తిరిగినది. ఇప్పుడు కొందరి నోట గగారిన్ రహస్య భక్తుడైపోయెను. స్నేహితుని సాక్ష్యము గౌరవింపదగినదే, కాని అది స్నేహితుని సాక్ష్యము. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడైన ఆ యువ సైనికుని హృదయములో ఏమున్నదో, ఆయనను నాస్తికునిగా చూపినవారికిని తెలియదు, భక్తునిగా చూపుచున్నవారికిని తెలియదు.

ఇది చిన్న సంగతియని త్రోసివేయవచ్చునా? తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యమును నిషేధించుచున్నది. పొరుగువాడనగా స్వజనుడే అని తప్పించుకొనుటకు వీలులేదు. నిర్గమకాండము 23వ అధ్యాయము మొదటి వచనము అబద్ధపు వార్తను వ్యాపింపజేయుటను ఖండించును. నాలుగవ వచనమునకు వచ్చుసరికి తప్పిపోయిన శత్రువు యెద్దును అతనికి తిరిగి అప్పగింపవలెనని ఆజ్ఞాపించును. ఈ రెంటి మధ్య దూరము మూడు వచనములే. శత్రువు పశువును తోలుకొనిపోయి అప్పగింపుమన్న ధర్మశాస్త్రము, శత్రువు మాటను మార్చి చెప్పుటకు సెలవిచ్చునా? పైగా గగారిన్ శత్రువని ఎవరు నిర్ణయించిరి?

ఈ కలహములో భాషకును కొంత పాత్ర కలదు. రష్యా భాషలో పైన కనబడు ఆకాశమునకును దేవుని సన్నిధియైన పరలోకమునకును ఒక్కటే మాట. హెబ్రీలోని షామాయిమ్, గ్రీకులోని ఊరనొస్ అనునవియు అట్టివే. కావున ఆ ఒక్క మాటలోనికి నౌకను పంపి, అది ఖాళీగా నున్నదని చెప్పుట క్రుశ్చేవ్‌కు సులభమాయెను. తెలుగు బైబిలు తర్జుమా చేసినవారు ఆ మాటను సందర్భమునుబట్టి రెండుగా విడదీసిరి. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయము 11వ వచనములో శిష్యులు చూచుచుండినది ఆకాశము. ప్రభువు చేర్చుకొనబడినది పరలోకము. మూలమందు రెండు చోట్లను ఉన్నది అదే పదము. తర్జుమాలో ప్రతి విభజనకును కొంత నష్టము కలదు. ఆ రెంటి మధ్య మూలములోనున్న బంధము ఇచ్చట తెగినది. అయినను తెలుగు చదువరికి ఒక మేలు కలిగినది. పరలోకము రాకెట్టు వేగముతో చేరదగిన ఎత్తు కాదని అతని భాషయే అతనికి చెప్పుచున్నది.

ఇట్టి భాష గలవారి సభలోనే ఆ తలుపు తీసిన హాస్యము చెల్లుబడియగుట ఆశ్చర్యము. తలుపు తీసినయెడల దేవుడు కనబడునన్న బోధకుడు క్రుశ్చేవ్‌ను ఖండించుటలేదు. దేవుడు నౌకకు వెలుపల ఒక చోట నున్నాడన్న క్రుశ్చేవ్ పటమునే ఒప్పుకొని, వెదకిన తీరు సరికాదని మాత్రమే వాదించుచున్నాడు. మహాకాశములును దేవుని పట్టజాలవని 1 రాజులు 8వ అధ్యాయమున సొలొమోను తాను కట్టించిన మందిరములోనే ప్రార్థించెను. ఆ ప్రార్థన తెలిసినవాడు టిటోవ్ మాటకు కలవరపడడు. కనబడలేదన్న టిటోవ్ నిజమే చెప్పెనని ఒప్పుకొనగలడు.

విశ్వాసులు కల్పించిన కథలు ఇంతకంటె విచారకరమైనవి. 1970 ప్రాంతమున అమెరికాలో ఒక వార్త బయలుదేరి కరపత్రముల ద్వారా లోకమంతట వ్యాపించెను. మేరీలాండ్‌లోని గొడార్డ్ అంతరిక్ష కేంద్రపు శాస్త్రజ్ఞులు గ్రహముల స్థానములను లెక్కించుచుండగా కంప్యూటరు ఆగిపోయెననియు, కాలములో ఒక దినము తక్కువగా కనబడెననియు, యెహోషువ దినమున సూర్యుడు నిలిచిన 23 గంటల 20 నిమిషములును, హిజ్కియా కాలమున నీడ వెనుకకు మరలిన 40 నిమిషములును కలుపగా లెక్క సరిపోయెననియు ఆ కథ. గొడార్డ్ కేంద్రము అట్టిది జరుగలేదని స్పష్టముగా తెలియజేసెను. కథను ప్రచారము చేసిన వక్తను వివరములడుగగా, కాగితములు ఎక్కడనో పోయినవని జవాబు వచ్చెను. అసలు లెక్క 1890లో టోటెన్ అను అమెరికా సైనికాధికారి వ్రాసిన పుస్తకములోనిది. 1936లో హారీ రిమ్మర్ దానిని మరల చెప్పెను. కంప్యూటరు పుట్టకమునుపే పుట్టిన కథకు కంప్యూటరు తొడుగు వేయబడినది, అంతే. కొంచెము ఆలోచించినను సంగతి తేలిపోవును. గ్రహముల నేటి స్థితినుండి వెనుకకు లెక్కించువాడు గతములో అవి ఎచ్చట నుండవలెనో చెప్పగలడు. మధ్య ఒక దినము తప్పినదని కనుగొనుటకు ఆ దినమునకు ముందు ఎవడైన తేదీతో సహా వ్రాసిపెట్టిన వేరొక లెక్క ఉండవలెను. అట్టి లెక్క కంప్యూటరులో దొరకదు.

ఈ లోపము క్రైస్తవులకే పరిమితము కాదు. చంద్రునిమీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ముస్లిముల ప్రార్థనా పిలుపు విని ఇస్లాములో చేరెనను వదంతి పలు దేశములలో వ్యాపింపగా, అది నిజము కాదని 1983లో అమెరికా విదేశాంగ శాఖ తన కార్యాలయములకు తెలియజేయవలసి వచ్చెను. అందరును ఆకాశమును తమ పక్షపు సాక్షిగా బోనెక్కింపగోరుదురు.

ఇట్టి కథలవలన కొందరైనను ప్రభువును నమ్మిరి గదా, ఉద్దేశము మంచిదే గదా అనువారు కలరు. వారి మాట తేలికగా కొట్టివేయదగినది కాదు. ఆ కరపత్రము చదివి బైబిలు తెరచినవాడు ఎక్కడనో ఉండవచ్చును. కాని ఈ ప్రశ్న సంఘమునకు క్రొత్తది కాదు. సుమారు క్రీ.శ. 420లో కొన్సెంటియుస్ అనువాడు అగస్టీనును అడిగిన సంగతి ఇటువంటిదే: ప్రిస్కిల్లియను మతభేదమువారు తమ బోధను అబద్ధములతో దాచుకొనుచున్నారు; వారిని పట్టుకొనుటకు విశ్వాసులు వారివలె నటింపవచ్చునా? అగస్టీను ఒప్పుకొనలేదు. సత్యమునకు పిలుచుటకే అబద్ధము వాడినయెడల, పిలువబడినవాడు తాను విన్న మిగిలిన మాటలను దేనినిబట్టి నమ్మును? అగస్టీనుకంటె ముందే యోబు తన స్నేహితులను నిలదీసెను. 13వ అధ్యాయమున, దేవుని పక్షమున వారు వంచనగా మాటలాడుదురా అని అతడడిగెను. ఆ స్నేహితులు నాస్తికులు కారు. దేవుని కొరకు వాదించుచున్నామని నమ్మినవారు. గ్రంథము చివర దేవుని కోపము రగులుకొన్నది వారిమీదనే.

యథార్థముగా జరిగినవాటిని చెప్పుటలోను జాగ్రత్త అవసరము. 1968 డిసెంబరు 24న అపోలో 8 నౌకలో చంద్రుని చుట్టు తిరుగుచు విలియమ్ ఆండర్స్, జేమ్స్ లోవెల్, ఫ్రాంక్ బోర్మన్ ఆదికాండము మొదటి పది వచనములను వంతులవారీగా చదివిరి. కోట్లమంది వినిరి. మరుసటి యేట అమెరికా ప్రభుత్వము ఆ గ్రంథపు తొలి మాటలతో 6 సెంట్ల తపాలాబిళ్ల విడుదల చేసెను. ప్రభుత్వ కార్యములో మతపఠనము తగదని ఒక నాస్తిక నాయకురాలు దావా వేసెను, అది కొట్టివేయబడినది. ఆ ముగ్గురును దేవుని చూచితిమని చెప్పలేదు. చదివిరి, శుభాకాంక్షలు చెప్పిరి, అంతే. రష్యావారికి కనబడని దేవుడు అమెరికావారికి కనబడెనని అర్థము చెప్పినవారు క్రింద భూమిమీదివారు. శూన్యమైన ఆకాశము దేవుడు లేడనుటకు రుజువు కానియెడల, ఒక దేశపు నౌకలో వినబడిన వాక్యము దేవుడు ఆ దేశపు పక్షమున నున్నాడనుటకును రుజువు కాదు.

1969 జులై 20న చంద్రునిపై దిగిన కొన్ని గంటలలో బజ్ ఆల్డ్రిన్ ప్రభురాత్రి భోజనము తీసికొనెను. ఆయన హ్యూస్టన్ సమీపమందలి వెబ్‌స్టర్ ప్రెస్బిటేరియన్ సంఘపు పెద్ద. ఆ సంఘమిచ్చిన చిన్న గిన్నెలో ద్రాక్షారసము పోయగా, భూమి ఆకర్షణలో ఆరవ వంతు మాత్రమే గల ఆ చోట అది మెల్లగా గిన్నె అంచువెంబడి చుట్టుకొని పైకి లేచెనని ఆయన తరువాత వ్రాసెను. రేడియోలో ఆయన అడిగినది వినువారందరు ఒక క్షణము ఆగి తమ తమ రీతిగా కృతజ్ఞత చెల్లింపవలెనని మాత్రమే. యోహాను 15వ అధ్యాయపు వచనమును ఆయన మౌనముగా చదువుకొనెను. అపోలో 8 దావా కారణముగా దానిని ప్రసారము చేయవద్దని అధికారులు కోరియుండిరి. ఈ సంగతి ప్రసంగములలో తరచుగా వినబడుచున్నది, వినబడవలసినదే. కాని 2009లో వెలువడిన తన జ్ఞాపకముల గ్రంథములో ఆల్డ్రిన్ మరియొకటి చెప్పెను: మరల అవకాశము వచ్చినయెడల తాను బహుశః ఆ భోజనమును ఎన్నుకొనక పోవచ్చుననియు, తాము సర్వమానవుల పేరట అచ్చటికి వెళ్లితిమనియు, అయితే ఆ సమయమున కృతజ్ఞత చెల్లించుటకు అంతకంటె మంచి మార్గము తనకు తోచలేదనియు. ఈ భాగము ప్రసంగములలో వినబడదు. అది విశ్వాసమునకు చేటని భయము కాబోలు. నిజమునకు, బల్లయొద్దకు వచ్చిన మనుష్యుడు పొరుగువానిని గూర్చి తరువాతి కాలములోనైనను ఆలోచించుట ఆ బల్లకు అవమానము కాదు. ఆయన సాక్ష్యమును సగము కోసి చెప్పువారు దానిని ఆయన సాక్ష్యముగా కాక తమదిగా చేసికొనుచున్నారు.

భారతదేశమునకు ఆ ప్రశ్న 1984లో వచ్చెను. ఆ యేట ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయజ్ టి-11లో బయలుదేరి, సల్యూట్ 7 కేంద్రమునకు వెళ్లి, దాదాపు ఎనిమిది దినములు అంతరిక్షమందుండి తిరిగివచ్చెను. ఊరూర సన్మానములు జరుగుచుండగా జనులు ఆయనను మరల మరల అడిగినది, పైన దేవుని కలిసికొంటివా అని. భక్తిగల జనులు ప్రేమతో అడిగిన ప్రశ్నయది. ఔనని చెప్పినయెడల ఎన్ని దండలు పడియుండెడివో! కలిసికొనలేదని చెప్పుచుంటినని ఆయన అనంతరకాలమున ఒక సంభాషణలో జ్ఞాపకము చేసికొనెను. సంవత్సరములు గడచిన పిమ్మట ఒక యువతియైన తల్లి తన బిడ్డకు ఆయనను చూపి, ఈ మామయ్య చంద్రునిమీదికి వెళ్లి వచ్చినాడని చెప్పెనట. ఆయన వెళ్లినది భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునకు మాత్రమే.