వినబడకపోవడం, వినకపోవడం

మన భాషలో వినడమంటే శబ్దం చెవిన పడటమే కాదు, చెప్పినట్టు చేయడం కూడా. కనుకనే "వాడు మాట వినడు" అన్నది చెవిని గూర్చిన వాక్యం కాదు, బుద్ధిని గూర్చిన తీర్పు. పెడచెవిన పెట్టాడంటాం, చెవికెక్కించుకోడంటాం. పేరు చెవిది, నేరం మనిషిది. అయితే ఆ తీర్పు చెప్పేముందు మాట అతనికి చేరిందో లేదో విచారించవలసిన బాధ్యత ఎవరిది?

కర్ణభేరిలో శబ్దానికి కదిలే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. దాని వెనుక కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు బుల్లి ఎముకలు. చివరిది ఆనుకొని ఉండే కిటికీ 3 చదరపు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. పెద్ద పొర మీది ఒత్తిడి చిన్న కిటికీ మీదికి చేరడం వల్లనే గాలిలోని శబ్దం లోచెవి ద్రవాన్ని కదిలించగలుగుతుంది. పొరకు చిల్లి పడితే ఈ బలం తగ్గుతుంది గాని పూర్తి చెముడు రాదు. చిక్కంతా అక్కడే. ఎదురుగా నిలబడి చెబితే వినబడుతుంది. గోలలోనో, ప్రక్కనుంచో చెబితే వినబడదు. చూచేవారికి "కావలసినవే వింటాడు" అనిపిస్తుంది.

షార్జాలోని రోలాకు ఒకప్పటి మర్రిచెట్టు వల్ల ఆ పేరు వచ్చింది. సెలవు రోజున మనవాళ్ళు కలుసుకునే ఆ చోట నాకు పరిచయమైనవాడు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక వెల్డరు. నిప్పురవ్వ చెవిలో పడి కర్ణభేరి కాలింది. అలా కాలిన చిల్లి తనంతట తాను పూడటం కష్టం. చెబితే పని పోతుందని అతడు ఎవరికీ చెప్పలేదు. ఫోర్‌మన్ దృష్టిలో మొండివాడయ్యాడు, గదిలో పొగరుబోతయ్యాడు, ఓవర్‌టైము పోయింది.

సెలవులో ఇంటికి వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాడు. 1950ల్లో జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్ల కృషితో నిలదొక్కుకున్న చికిత్స ఇది. చెవిపైన కణత కండరాన్ని కప్పిన పలుచని పొరలోంచి ముక్క తీసి అతుకు వేస్తారు. లోపల పెట్టిన స్పంజి కరిగేదాకా చెవి మూసుకుపోయినట్టే ఉంటుంది. ఫలితం తేలడానికి రెండు మూడు నెలలు ఆగాలి. ఎముకలూ నాడీ బాగుంటేనే అతుకు వల్ల వినికిడి పెరుగుతుంది. అదృష్టవశాత్తూ అతనికి పెరిగింది.

తిరిగివచ్చి పనిలో చేరాక ఫోర్‌మన్ అన్నమాట: "ఊరు వెళ్ళొచ్చాక బుద్ధి వచ్చింది." చికిత్స చెవికి జరిగితే మెప్పు బుద్ధికి దక్కింది! అంటే పాత తీర్పు రద్దు కాలేదు, ఇంకా గట్టిపడింది.

"అతను చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది? పనిచోట ఒక కేక వినబడకపోతే ప్రాణం పోవచ్చుగదా" అని పాఠకులు అడగవచ్చు. న్యాయమే. దాచడం అతనికే కాదు, తోటివారికీ ప్రమాదమే. కాని చెబితే కూడు పోతుందని భయపడేవాడూ, అడిగితే ఏమీ పోనివాడూ సమానులు కారు. కనుక మొదటి బాధ్యత అడగగలిగినవాడిది. "వినబడిందా?" అన్న ప్రశ్నకు ఖర్చేముంది?

చెవికి అతుకు అతని ఒంటినుంచే తీశారు. పోయిన పరువుకు అతుకు అతని దగ్గర దొరకదు. మాట అన్నవారే ఇవ్వాలి. "అప్పుడు నీకు వినబడలేదు, మాకు తెలియలేదు" అంటే చాలు. ఆ మాట వినడానికి అతని చెవి ఇప్పుడు బాగానే ఉంది.