ఇంటి ఆనవాయితీ, ఇంటి పరిహాసము

కృష్ణాతీరపు గ్రామములనుండి బెజవాడకు వచ్చి సత్యనారాయణపురమునను గవర్నరుపేటను కాపురములు పెట్టిన కుటుంబములలో, గుమ్మడి వడియములు పెట్టుట "మాకు ఆనవాయితీ లేదు" అని చెప్పు ఇల్లాండ్రు పెక్కండ్రు కలరు. ఏల లేదని యడిగినచో, ఏ తరముననో వడియములు ఎండబెట్టిననాడే యింట నొక యరిష్టము జరిగెననియు, నాటినుండి అచ్చిరాలేదనియు చెప్పుదురు. పెట్టరాదు గాని తినరాదని లేదు. కావున తమ గుమ్మడికాయయు తమ మినపపిండియు పొరుగింటి మేడమీద, పొరుగింటి యిల్లాలి చేతిమీదుగా వడియములై తమ డబ్బాలోనికి తిరిగివచ్చును. నిషేధమును ఇంత సూక్ష్మముగా వ్యాఖ్యానించినందుకు ఇంటిల్లిపాదియు నవ్వుదురు, నవ్వుచునే పాటింతురు.

ఇట్టి యాచారమునకు ప్రామాణ్య మెక్కడిది? జైమిని మీమాంసాసూత్రముల ప్రథమాధ్యాయ తృతీయపాదమున హోలాకాధికరణమని యొకటి కలదు. హోలాక యను వసంతోత్సవమును ప్రాచ్యులే చేయుదురు గదా, దానికి మూలముగా నూహింపదగు వేదవాక్యము ప్రాచ్యులకే పరిమితమా, ఎల్లరకునా యని సంశయము. ఎల్లరకు నని సిద్ధాంతము. ఈ న్యాయమును వడియములకు పట్టించినచో లోకమున నెవ్వరును వడియములు పెట్టరాదు, పొరుగింటి మేడయు నిరుపయోగమగును! ఇంతటి యనర్థమునకు ఏ యిల్లాలును సమ్మతింపదు.

ఆపస్తంబుని త్రోవ మృదువైనది. ఆంధ్రదేశపు కృష్ణయజుర్వేదులలో పెక్కుమందికి సూత్రకారుడైన ఆ మహర్షి, చెప్పక మిగిలిన ధర్మములను స్త్రీలవలనను సర్వవర్ణములవారివలనను తెలిసికొనవలెననెడి కొందరి మతమును ధర్మసూత్రముల చివర పేర్కొనెను. వివాహాచారములకు గృహ్యసూత్రమున స్త్రీలనే ప్రమాణముగా నంగీకరించెను. మన పెండ్లిండ్లలో అలకపాన్పు, బిందెలో ఉంగరము వెదకుట, చీరతో కట్టిన ఊయలలోని బొమ్మను పొలమునకు పోవలెనని వరుడును వంట చేయవలెనని వధువును ఒకరికొక రప్పగించుట, గృహప్రవేశమునాడు ఆడపడుచు గడప కడ్డముగా నిలిచి పేరు చెప్పనిదే లోనికి రానీయననుట, ఇవన్నియు ఆ యధికారమునకు లోబడినవే. కూచిపూడివారి భామాకలాపమున చెలికత్తె మాధవి సత్యభామచే భర్తపేరు చెప్పించుకొనుటకై పెట్టు తిప్పలు చూచి నవ్వు స్త్రీలకు ఈ గడప జ్ఞప్తికి రాకపోదు. వీనినుండి పరిహాసమును తీసివేసినచో మిగులు కర్మ యేదియు లేదు.

ఇంటి ఆనవాయితీలలో నవ్వు చేయు పని వేరు. నేనెరిగిన యొక యింట, తాతగారు ఎన్నడో గొడుగు మరచి వెనుకకు వచ్చి, మంచినీళ్లు త్రాగి పోయిననాడు బందరు కోర్టున వ్యాజ్యము గెలిచెనట. నాటినుండి ఆ యింట పరీక్షకు పోవు పిల్లవాడు, ఎండ యుండినను వాన యుండినను, బుద్ధిపూర్వకముగా గొడుగు మరచును. "మా తాతగారి తిక్క" యని వారే నవ్వుకొందురు. ఆ నవ్వుతోనే ఈ నియమము మాది, మీది కాదని యొప్పుకొనుచున్నారు; మీమాంసకులు విధింప నిరాకరించిన యెల్లను వారు తమంత తామే గీచుకొనుచున్నారు.

సోమయాగములోని వైసర్జనహోమపు వస్త్రమును ఋత్విజుడైన అధ్వర్యువు గైకొనవలెనను స్మృతికి లోభమే మూలమని కనబడుచుండగా అది ప్రమాణము కాదని జైమిని సూత్రముల భాష్యకారుడైన శబరస్వామి త్రోసివేసెను. లోభమునకు తోడు భయమును గూడ చేర్పవలెనని నా మతము. వడియముల నిషేధమునకును మూలము భయమే, కాని తరతరముల నవ్వు దానిని అరగదీసినది. భర్త పోయిన తల్లిని కన్నకూతురి పేరంటమునకే రానీయని యాచార మొకటి యీ వీథులలోనే చిరకాలము నిలిచియున్నది. దానిని గూర్చి యే వంటింటను ఒక్క పరిహాసమైనను పుట్టినట్లు నేను వినలేదు.